ఇది ఎక్కడ నొక్కాలి?

2006లో హైదరాబాదులో ఓ యానిమేషన్ స్టూడియోలో పనిచేసేవాణ్ణి. బయటి దేశాల టీవీ సీరియళ్ళకి ఎపిసోడ్ల లెక్కన త్రీడీ బొమ్మలు కదిలించిపెట్టే చోటు. బొమ్మలు కదిలించేది వేరేవాళ్ళు, వాళ్ళకి పనిముట్లు చేసిపెట్టేది నేను. టూల్స్ ప్రోగ్రామర్ అని కార్డు మీద వేశారు. మా ఇంట్లో మాత్రం "కార్టూన్ల కంపెనీలో కంప్యూటర్ రిపేరు" అని చెప్పుకునేవారు. సర్లెండి, అది వేరే కథ.

ఓ పాత్రకి చెయ్యి, కాలు, మెడ, కనుబొమ్మ ఇలా అరవై పైచిలుకు కంట్రోళ్ళుండేవి. ఓ భంగిమ కుదిరాక ఆ ఫ్రేములో వాటన్నిటికీ కీ పెట్టాలి. యానిమేటర్లు ఒక్కోదాన్నీ వెతికి ఎంచుకుని పెట్టేవారు, ఒకటో రెండో మర్చిపోయేవారు, తరవాత సినిమాలో వేలు వంకర తిరిగేది. ఇదేం ఖర్మ అని, కూర్చుని నలభై లైన్ల స్క్రిప్టు రాసి అందరికీ మెయిలు కొట్టాను. స్క్రిప్ట్ ఎడిటర్ తెరవండి, ఫైలు సోర్స్ చెయ్యండి, ప్రొసీజరు పేరు టైపు చెయ్యండి, ఎంటర్ కొట్టండి. నాలుగే నాలుగు మెట్లు. ఎంత గొప్ప సాయం చేశానో అని ఆ సాయంత్రం బిర్యానీ కూడా తిన్నాను.

వారం గడిచింది. ఎవరూ వాడలేదు.

మా టీములో ఓ సీనియర్ యానిమేటర్ ఉండేవారు, పాత్ర నడకని చూసి దాని వయసు చెప్పగల మనిషి. ఆవిణ్ణి అడిగాను. "నీ స్క్రిప్టు మంచిదేలే బాబూ, ఇది ఎక్కడ నొక్కాలో చెప్పు" అన్నారు. నొక్కడం కాదు మేడమ్, టైపు చెయ్యాలి అన్నాను. ఆవిడ టైపు చేసి ఎంటర్ కొట్టారు. కర్సరు కింది లైనుకి దిగింది, అంతే. మాయాలో మామూలు ఎంటర్ కొడితే కొత్త లైను వస్తుంది, నంబర్లవైపు ఉండే ఎంటర్ కొడితేనే స్క్రిప్టు నడుస్తుంది. ఆ ముక్క మెయిల్లో రాయడం మర్చిపోయాను. ఆవిడ నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

ఆవిడడిగిన ప్రశ్నకి ఈ రంగంలో పెద్ద చరిత్రే ఉందని తరవాత తెలిసింది. మన ఐటీవాళ్ళం యూఐ అంటే పైపూత అనుకుంటాం కదా, లోపలి లాజిక్కే అసలు పనీ, బటను ఎవరో ఒకరు తగిలిస్తారూ అని. యానిమేషన్ సాఫ్టువేరు కథ చూస్తే ఆ లెక్క తప్పింది.

మొదట బటన్లుండేవి, తరవాత స్క్రిప్టులు వచ్చాయి అనుకుంటాం. జరిగింది దానికి తలకిందులు. మొదట్లో యానిమేషనే ఓ స్క్రిప్టు. క్రెయిగ్ రేనాల్డ్స్ అనే ఆయన ఎంఐటీలో చదువుకునేటప్పుడు ఏశాస్ అని ఓ భాష తయారుచేశాడు, లిస్ప్ మీద కట్టింది. అందులో తెర మీద కదిలే ప్రతిదీ ఓ 'యాక్టర్'. యాక్టరంటే ఫ్రేముకి ఒకసారి నడిచే చిన్న ప్రోగ్రామన్నమాట. 1982లో వచ్చిన 'ట్రాన్' సినిమాలో కొంత భాగం దానితోనే చేశారు. బొమ్మ కదలాలంటే బ్రాకెట్లు లెక్కపెట్టాలి! బొమ్మలు వేసేవాడికి అక్కడ చోటు లేదు.

పిక్సార్‌లో కొంచెం మధ్యేమార్గం పట్టారు. బొమ్మని ప్రోగ్రాములాగే రాసేవారు గానీ, అందులోంచి కొన్ని అంకెలని బయటికి లాగి యానిమేటరు చేతికిచ్చారు. వాటిని ఏవార్లు అనేవారు. 'టాయ్ స్టోరీ' (1995)లో వుడీకి అలాంటివి ఏడొందల పైన, అందులో రెండొందల పైచిలుకు ఒక్క మొహానికే. ప్రోగ్రామరు తలుపేసుకుని లోపల కూర్చుని, కిటికీలోంచి మరలు అందించాడనుకోండి.

ఈ లోపల ఎలియాస్ (టొరంటో), వేవ్‌ఫ్రంట్ (శాంటా బార్బరా), సాఫ్టిమేజ్ లాంటి కంపెనీలు కోడ్ అక్కర్లేకుండా మౌసుతో పనిచేసే ప్యాకేజీలు అమ్మడం మొదలెట్టాయి. బొమ్మలవాళ్ళకి పండగే. చిక్కల్లా ఏంటంటే, కంపెనీ పెట్టిన బటన్లే బటన్లు. ఓ పని రోజుకి వందసార్లు చెయ్యాల్సొస్తే వందసార్లూ చెయ్యాల్సిందే. కొత్త బటను కావాలంటే తరవాతి వెర్షను కోసం ఎదురుచూడాలి.

ఇక్కడ కాస్త పక్కదారి పట్టాలి, బటనుకి కోడ్ తగిలించే పద్ధతి యానిమేషన్‌లో పుట్టలేదు మరి. 1987లో ఆపిల్ కంపెనీ హైపర్‌కార్డ్ విడుదల చేసింది. బిల్ అట్కిన్సన్ చేతి పని. అందులో మామూలు జనం తెర మీద ఓ బటను గీసి, దాని వెనకాల ఇంగ్లీషులాంటి నాలుగు లైన్లు రాసుకోవచ్చు: మౌసు పైకి లేచినప్పుడు ఇది చెయ్యి, అని. బటనులోనే స్క్రిప్టు ఉంటుంది, బటనుని ఎత్తుకెళ్ళి ఇంకో చోట పెడితే స్క్రిప్టూ దానితోపాటే వెళ్తుంది.

అది చూసి బర్క్‌లీలో జాన్ ఆస్టర్‌హౌట్ అనే ప్రొఫెసరుకి నీరసం వచ్చిందట. ఆపిల్ అంత ఖర్చుపెట్టి కట్టినదాన్ని ఓ యూనివర్సిటీలో నలుగురు కూర్చుని ఎప్పటికి కడతారు? అంచేత మొత్తం ఒక్కటిగా కట్టకుండా చిన్న చిన్న ముక్కలు చేసి, ఓ చిన్న భాషతో కలిపి కుడదాం అనుకున్నాడు. చిప్ డిజైన్ టూళ్ళు రాసి రాసి, ప్రతి టూలుకీ ఓ అరకొర కమాండు భాష తయారుచెయ్యడం మీద ఆయనకి అప్పటికే విసుగు. అలా 1988లో టికిల్ భాషా, ఆ తరవాత దాని జోడీ టీకే పుట్టాయి. టీకేలో బటను పెట్టడం ఒక్క లైను పని: బటను అను, పేరు చెప్పు, నొక్కితే ఏ కమాండు నడవాలో ఓ స్ట్రింగుగా ఇవ్వు. లినక్సులో పాత పైథాన్ ప్రోగ్రాములు రాసినవాళ్ళు టీకింటర్ అని దీన్నే వాడి ఉంటారు.

ఇహ మాయా. 1994లో మైక్రోసాఫ్ట్ సాఫ్టిమేజ్‌ని కొంది. దానికి జవాబుగా 1995లో సిలికాన్ గ్రాఫిక్స్ ఎలియాస్‌నీ వేవ్‌ఫ్రంట్‌నీ రెంటినీ కొని కలిపేసింది. రెండు ఇళ్ళ కోడూ కలిపి వండుతున్న కొత్త ప్యాకేజీ పేరు మాయా, మన సంస్కృత మాటే. 'డైనోసార్' సినిమా తీస్తున్న డిస్నీవాళ్ళు అప్పుడు దాని తయారీలో దగ్గరగా పాలుపంచుకున్నారు. ఇంటర్‌ఫేసుని మా పనికి తగ్గట్టు మేమే మార్చుకునేలా ఉండాలి అని వాళ్ళు గట్టిగా అడిగారు. ఇదీ మలుపు. కంపెనీ కొత్త బటను ఇస్తే బావుణ్ణు అని ఎదురుచూసే కస్టమరు, బటను చేసుకునే హక్కు మాకివ్వండి అన్నాడు.

మాయా లోపల మొదట పెట్టిన స్క్రిప్టు భాష ఆ టికిలే. రెండు కంపెనీలూ కలిశాక దాన్ని తీసేసి, వేవ్‌ఫ్రంట్‌వాళ్ళ డైనమేషన్‌లో ఉన్న సోఫియా అనే భాష ఆధారంగా మెల్ అని కొత్తది చేశారు. టికిల్ వెళ్ళిపోయినా దాని వాసన పోలేదని నా నమ్మకం. మెల్‌లో కిటికీ కట్టడం చూడండి: విండో అను, కాలమ్ లేఅవుట్ అను, బటను అని దానికి లేబులూ కమాండూ ఇవ్వు, చివర షో విండో. నాలుగు లైన్లు. కమాండు ఇక్కడా స్ట్రింగే.

1998 ఫిబ్రవరిలో మాయా 1.0 వచ్చింది. అందులో నాకు అన్నిటికన్నా నచ్చినదేంటంటే, మాయా మెనూలూ పెట్టెలూ బటన్లూ అన్నీ మెల్‌లోనే రాశారు. ఆ ఫైళ్ళు మీ డిస్కులోనే, తెరిచి చదువుకునేలా పడుంటాయి. ఏ ప్రొసీజరు ఏ ఫైల్లో ఉందో చెప్పడానికి 'వాట్ ఈజ్' అని ఓ కమాండు కూడా ఉంది. నేను మెల్ నేర్చుకుంది పుస్తకంలో కాదు, మాయా మెనూలు తెరిచి చూసే. మీరో మెనూ నొక్కితే, దానికి సరిపడ్డ మెల్ లైను స్క్రిప్ట్ ఎడిటర్లో కనిపిస్తుంది. అంటే ప్రోగ్రామింగు రానివాడు కూడా తను చేసిన పనిని కోడ్ రూపంలో చూస్తాడు. ఆ లైన్లని ఎంచుకుని, మౌసు మధ్య బటనుతో ఈడ్చి పైనున్న షెల్ఫు మీద పడేస్తే, అదో బటను!

ఆ ఈడ్చుకెళ్ళడంలో ఉన్న గొప్పతనం నాకు వెంటనే బుర్రకెక్కలేదు. ప్రోగ్రామరు రాసి యానిమేటరుకి ఇవ్వడం అనే వరసే అక్కడ చెరిగిపోయింది. చేసినపని కోడ్ అవుతుంది, కోడ్ బటను అవుతుంది. మధ్యలో నేను లేను. మా మేడమ్ షెల్ఫులో అప్పటికే తను ఈడ్చుకున్న బటన్లు పన్నెండో పదమూడో ఉన్నాయి. నాలుగు మెట్లు ఎక్కి రమ్మని నేను మెయిలు కొట్టింది అలాంటి మనిషికి.

సరే, నా స్క్రిప్టుకీ బటను పెట్టాను. హడావుడిలో 'కంట్రోల్స్' అని రాయబోయి 'కంటోల్స్' అని లేబులు కొట్టాను. ఆవిడ నొక్కారు, పనిచేసింది. మర్నాడు పొద్దున్న ఫోను. "నీ బటను చచ్చిపోయింది బాబూ." వెళ్ళి చూస్తే, ప్రొసీజరు దొరకట్లేదని ఎర్రటి లైను. బటనులో నేను పెట్టింది ప్రొసీజరు పేరు మాత్రమే. ఆ ప్రొసీజరు ముందు రోజు మెమొరీలో ఉంది, రాత్రి మాయా మూసేయగానే అదీ పోయింది. మెల్ రాసిన ప్రతివాడూ ఈ గుంటలో ఒకసారి పడుంటాడు. కమాండు స్ట్రింగుగా ఇవ్వడంలో ఉన్న తిరకాసే ఇది. రాసేటప్పుడు దాన్నెవరూ పట్టించుకోరు, నొక్కినప్పుడే అది లోకంలోకొచ్చి తన చుట్టాలని వెతుక్కుంటుంది. చివరికి ప్రొసీజరు మొత్తాన్నీ బటనులోనే కుక్కేశాను. నీట్‌గా లేదు గానీ నడిచింది. ఆ వారంలో ఇంకో తొమ్మిదిమంది వచ్చి ఆ బటను పట్టుకెళ్ళారు.

త్రీడీఎస్ మ్యాక్స్‌వాళ్ళ దారి వేరు. 1997లో రెండో వెర్షనుతో మ్యాక్స్‌స్క్రిప్ట్ వచ్చింది, జాన్ వెయిన్‌రైట్ చేశాడు. ఆయన అంతకుముందు ఆపిల్, ఐబీఎం కలిసి పెట్టిన కలైడా అనే కంపెనీలో స్క్రిప్ట్‌ఎక్స్ భాషకి పనిచేసినవాడు. అందులో బటను నొక్కినప్పుడు ఇది చెయ్యి అని మాటల్లో చెప్పినట్టే రాస్తాం, స్ట్రింగుల గోల లేదు. హైపర్‌కార్డ్ రాసినవాడికి అది పుట్టింటి భాషలా అనిపిస్తుంది. నాకు మ్యాక్స్‌తో అంత పరిచయం లేదు, అంచేత ముందుకెళ్దాం.

2007 జనవరిలో మాయా 8.5తోపాటు పైథాన్ వచ్చింది. నేను పండగ చేసుకున్నాను. మెల్‌ని తిట్టుకోని రోజు లేదు, పైగా పేరుకి తగ్గట్టే మెల్లగా నడిచేది :) పైథాన్‌లో బటనుకి స్ట్రింగు బదులు ఫంక్షన్నే ఇవ్వచ్చు. ఇచ్చాను. మొదటి రోజే మాయా నా ఫంక్షనుకి నేనడగని ఓ ఆర్గ్యుమెంటు ఇచ్చి తన్నేసింది. తరవాత ఓ ఫర్ లూపులో లాంబ్డాలతో పది పాత్రలకి పది బటన్లు చేస్తే, ఏది నొక్కినా పదో పాత్రే కదిలింది. నవ్వకండి, మీరూ చేసే ఉంటారు.

నవ్వులాటకి రానిది 2012లో జరిగింది. అప్పటికి ఆవిడా నేనూ ఇంకో స్టూడియోలో ఉన్నాం. కుడిపక్క భంగిమని అద్దంలోలా ఎడంపక్కకి మార్చే టూలు ఒకటి పైథాన్‌లో రాశాను. క్యూటీ కిటికీ, రంగులూ, ఐకన్లూ, నా జీవితంలో అంత అందమైన విండో చెయ్యలేదు. డెలివరీ రోజు సాయంత్రం ఆవిడ పొరపాటున వేరే పాత్ర ఎంపికలో ఉండగా నొక్కారు. ఆ పాత్ర కీలన్నీ చెరిగిపోయాయి. కంగారుపడకుండా అన్‌డూ కొట్టారు. ఒక్క కంట్రోలు మీది ఒక్క కీ వెనక్కి వచ్చింది. మళ్ళీ కొట్టారు, ఇంకోటి. మెల్ బటను చేసిన పనంతా ఒకే అన్‌డూలో వెనక్కి వచ్చేది. పైథాన్ ఫంక్షను తగిలించిన బటనుకి అలా కాదు, ఏ కమాండుకి ఆ కమాండే. ఇక్కణ్ణించి ఇక్కడిదాకా ఒకే పని అని మాయాకి మనమే చెప్పాలి, దానికి కమాండు ఉంది, నేను రాయలేదు. మా మెషీన్లలో అన్‌డూ యాభైకి పెట్టి ఉండేది. పాత్రకి కంట్రోళ్ళు అరవై పైన. యాభై వెనక్కొచ్చాయి, అక్కడితో ఆగిపోయింది. ఆఖరుసారి సేవ్ చేసింది మధ్యాహ్నం భోజనానికి ముందు.

ఆవిడ అరవలేదు. "నీ బటను ఒక్కసారే నొక్కాను కదా, వెనక్కి రావడానికి యాభైసార్లు నొక్కినా రాదేం?" అన్నారు. ఆ రాత్రి రెండున్నరదాకా మళ్ళీ కూర్చుని చేశారు. నేను పక్కన టీలు మోశాను.

ఆ తరవాత బ్లెండర్ కోడ్ చూస్తుంటే ఒళ్ళు గగుర్పొడిచింది, ఆవిడడిగిన దానికి జవాబు అక్కడుంది. బ్లెండర్‌కి 2000లోనే పైథాన్ ఉంది. 2002లో అది మూతపడబోతే జనం ఏడు వారాల్లో లక్ష యూరోలు పోగుచేసి సోర్సు కోడ్‌ని విడిపించుకున్నారు, ఆ కథ మీకు తెలిసే ఉంటుంది. కానీ 2.4 వెర్షన్ల కాలంలో దాన్లో బటను పెట్టడం నరకం. ప్రతి బటనుకీ ఎడంనించి ఎంత, కిందనించి ఎంత, వెడల్పెంత, ఎత్తెంత అని కొలతలివ్వాలి. ఒక్కోదానికి ఓ ఈవెంటు నంబరు పెట్టుకుని, నంబరు ఏడొస్తే ఇదీ, ఎనిమిదొస్తే అదీ అని ఇంకో ఫంక్షన్లో రాసుకోవాలి. స్క్రిప్టుకి ఓ కిటికీ అద్దెకిచ్చినట్టు ఇస్తుంది. బయటికి పోయే బటను కూడా మనమే పెట్టాలి!

2009 చివర్నించి 2.5 ఆల్ఫాలు రావడం మొదలై, 2011 ఏప్రిల్లో 2.57గా స్థిరపడిన కొత్త బ్లెండర్‌లో అంతా తిరగరాశారు. అందులో బటనుకి కోడ్ ఇవ్వలేరు. ఇవ్వనివ్వదు. ముందు మీ పనిని 'ఆపరేటర్' అని ఓ క్లాసుగా రాయాలి: పేరు, వివరం, ఇప్పుడు దీన్ని నొక్కనివ్వచ్చా అని చెప్పే పోల్ ఫంక్షను, అన్‌డూ ఉందా లేదా అనే గుర్తు. బటను అన్నది ఆ ఆపరేటరు పేరు మాత్రమే. అదే పేరుని మెనూలో పెట్టినా, కీబోర్డుకి కట్టినా అన్‌డూ ఒక్కటే. సరైన పాత్ర ఎంపికలో లేకపోతే నొక్కనివ్వకుండా బటను బూడిదరంగులో ఉండేలా పోల్‌లో ఒక్క లైను రాస్తే చాలు. మా డెలివరీ రాత్రికి కావాల్సిన రెండూ, ఫారంలో నింపాల్సిన గళ్ళలా ఎదురుగా ఉన్నాయి. మొదట నాకు చిరాకేసింది, నాలుగు లైన్ల బటనుకి ఇంత తతంగమా అని. ఆ తతంగమంతా నాలాంటివాళ్ళ కోసమేనని తరవాత ఒప్పుకున్నాను.

బటను వెనకున్నదాన్ని ఎవరూ తెరిచి చూడరు, అదింకో సంగతి. 2020 ఆగస్టులో బిట్‌డిఫెండర్‌వాళ్ళు ఓ దాడి గురించి బయటపెట్టారు: త్రీడీఎస్ మ్యాక్స్ ప్లగిన్ వేషంలో ఓ దొంగ మ్యాక్స్‌స్క్రిప్టు. ఉపయోగపడే టూలంటే చాలు, ఎవరిదో అడక్కుండా తెచ్చి పెట్టేసుకునే అలవాటు మనందరిదీ. మా తొమ్మిదిమందిలో ఒక్కరైనా నా బటనులో ఏముందని అడిగారా?

మాయాలో షెల్ఫంటే ఓ మెల్ ఫైలు. ఉద్యోగం మారినప్పుడు యానిమేటర్లు దాన్ని పెన్‌డ్రైవులో వేసుకుని తీసుకెళ్తారు. ఆవిడ ఇప్పుడు ఇంకో ఊళ్ళో సూపర్‌వైజరు. ఆ మధ్య వాళ్ళ స్టూడియో ఏళ్ళ తరబడి వాడుతున్న పాత మాయాని వదిలి కొత్తదానికి మారింది. మాయా 2022తో పైథాన్ 3 వచ్చింది, 2025తో క్యూటీకి వాడే పైసైడ్ కూడా మారింది. "నీ బటన్లన్నీ చచ్చిపోయాయి బాబూ" అని మెసేజి, దాని వెనకే షెల్ఫు ఫైలు.

తెరిచి చూశాను. నేను గర్వపడ్డ ఆ అద్దం టూలుతో సహా పైథాన్‌వి ఒక్కటీ నడవట్లేదు. ప్రింటుకి బ్రాకెట్లు లేవు, కిటికీ తెరుచుకోదు. నావి కాని మార్పులు కూడా చాలా ఉన్నాయి, ఎవరో ఎప్పుడో అన్‌డూ సరిచేసి పక్కన కామెంటు కూడా రాశారు. షెల్ఫులో మొట్టమొదటి బటను మాత్రం 2006 నాటి మెల్. ప్రొసీజరు మొత్తం కుక్కేసిన ఆ నలభై లైన్లే. కొత్త మాయాలో నొక్కి చూశాను, అన్ని కంట్రోళ్ళ మీదా కీలు పడ్డాయి.

మిగతావాటిని పైథాన్ 3కి మార్చి, ఒక్కోటి రెండేసిసార్లు అన్‌డూ కొట్టి చూసుకుని పంపాను. మొదటిదాన్ని ముట్టుకోలేదు. లేబుల్లో 'కంటోల్స్' అని అలాగే ఉంది.